కొంగల పుట్టింటికి దారెటు?

అనంతపురం అనగానే గుర్తొచ్చేవి వేరుసెనగ చేలు, నెర్రెలిచ్చిన చెరువులు, ఆకాశంకేసి చూసే రైతులు. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలేమో ఇంత దూరం వచ్చేసరికే నీరసించిపోతాయి. ఏడాది మొత్తానికి సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లే. అలాంటి కరవు నేలను నీటిపక్షులు వెతుక్కుంటూ వస్తాయంటే నమ్మగలరా? వస్తాయి. అదీ ఏ అడవిలోకో కాదు, ఇళ్ల మధ్యనున్న చింతచెట్ల మీదికి!

ఆ ఊరు వీరాపురం. చిలమత్తూరు మండలంలో, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. ఏటా చలికాలం చివర్లో కొంగలు గుంపులుగా ఇక్కడ దిగుతాయి. గూళ్లు కట్టి, గుడ్లు పొదిగి, రెక్కలొచ్చిన పిల్లలతో వానాకాలంలో ఎగిరిపోతాయి. అందుకే ఊరివాళ్ల దృష్టిలో ఇవి పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. వాటిని ఎవరూ కొట్టరు, గూళ్లున్న కొమ్మ నరకరు. కొంగలు బాగా వస్తే ఆ ఏడు వానలూ బాగుంటాయని పెద్దల నమ్మకం.

చుట్టుపక్కల ఎవరినడిగినా 'సైబీరియా కొంగలు' అనే చెబుతారు. పేరు ఎలా అంటుకుందోగానీ, సైబీరియాతో వీటికి ఏ సంబంధమూ లేదు. అసలైన సైబీరియా కొంగలు ఒకప్పుడు రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కి వచ్చేవి. 2002 తర్వాత అక్కడా కనిపించలేదు. వీరాపురం అతిథులు మన దేశంలోనే పుట్టి పెరిగే పెయింటెడ్‌ స్టార్క్‌లు. పసుపుపచ్చ ముక్కు, నారింజరంగు తల, తెల్లటి ఒళ్లు, తోక దగ్గర కుంచెతో అద్దినట్టు గులాబీరంగు... పేరుకు తగ్గట్టే ఉంటాయి. ఇవి కంటితో చూసి చేపను పట్టవు. సగం తెరిచిన ముక్కును లోతులేని నీళ్లలో అటూఇటూ ఆడిస్తాయి. చేప తగలగానే టక్కున మూసేస్తాయి. ఎండ మండిపోతుంటే తల్లో తండ్రో గూటిమీద రెక్కలు విప్పి, గొడుగులా నిలబడుతుంది. గంటసేపైనా చూడబుద్ధేసే దృశ్యమది.

అయితే ముక్కు ఆడించడానికి నీళ్లుండాలి కదా! చెరువు నిండితే కొంగలకి పండగే. ఎండితే చేపల కోసం దూరాభారాలు పోవాలి. గూళ్లలో పిల్లలు ఆకలికి తట్టుకోలేక చనిపోయిన ఏడాదులూ ఉన్నాయి.

లేపాక్షి ఇక్కడికి దగ్గరే. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కిన ఆ వీరభద్రాలయాన్ని, ఏకశిలా నందిని చూడ్డానికి బెంగళూరు నుంచి కార్లు బారులు తీరుతాయి. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, ఫొటోలు దిగి వెనక్కి మళ్లేవాళ్లే ఎక్కువ. మంచి రోడ్డు, నాలుగు సౌకర్యాలు ఉంటే వాళ్లలో కొందరైనా వీరాపురం రారా అన్నది న్యాయమైన ప్రశ్నే. వస్తారు. ఊళ్లో టీకొట్టుకీ, టిఫిన్‌ బండికీ నాలుగు డబ్బులొస్తాయి. కానీ రోడ్డు ఎక్కడిదాకా వేయాలన్నదే అసలు సంగతి.

సముద్రతీరాన పులికాట్‌ని చూడండి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. కార్లో కూర్చునే ఫ్లెమింగోల్ని చూడొచ్చు, నిజమే. సరస్సు మాత్రం రెండు ముక్కలైంది. అక్కడికి దగ్గర్లోని నేలపట్టు పక్షులకు 1976 నుంచే అభయారణ్యం రక్షణ ఉంది. వీరాపురంలో కంచె లేదు, దూరమూ లేదు. గూడు కిందే వాకిలి. అలాంటి చోటికి బస్సులు హారన్‌ కొట్టుకుంటూ వస్తే బాలింతలకి కునుకెక్కడిది? వాహనాలు ఊరి బయటే ఆగాలి, అక్కణ్నుంచి నడకే. రోడ్డుకంటే ముందు చెరువుకు నీళ్లు చూడాలి. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలవలో కృష్ణమ్మ ఈ జిల్లాదాకా వచ్చింది. అందులో కొంగల వాటా ఎంత పెద్దదని?

చింతపండు లెక్క కూడా ఉంది. గూళ్లున్న చెట్టు కాయ దులపలేరు. కర్ణాటకలో ఇలాంటి ఊరే కొక్కరె బెళ్లూరు. అక్కడ చెట్ల యజమానులకు అటవీశాఖ పరిహారం చెల్లించింది. 2007లో ఆ ఊరిని కమ్యూనిటీ రిజర్వుగానూ ప్రకటించారు. పర్యాటకుల రుసుమంటూ ఏదైనా వసూలు చేస్తే, మొదటి రూపాయి చింతచెట్టు ఆసామికి వెళ్లడం ధర్మం.

వెళ్లాలనుకుంటే ఫిబ్రవరి, మే నెలల మధ్య ప్రయాణం పెట్టుకోండి. 44వ నంబరు జాతీయ రహదారి మీద కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మళ్లాలి. రైల్లో అయితే హిందూపురంలో దిగొచ్చు. తెల్లవారుజామునే చేరుకుంటే సందడంతా చూడొచ్చు. పిల్లలుంటే బైనాక్యులర్‌ తీసుకెళ్లండి. కెమెరా ఫ్లాష్‌ వద్దు. చెట్టుకింద నిలబడి తల పైకెత్తేటప్పుడు మాత్రం నెత్తిన టోపీ తప్పనిసరి!