చలి సెలవుల్లో పిల్లలతో పట్నం

క్రిస్మసు సెలవుల్లో పిల్లలను పట్నం తీసుకువెళ్ళాలంటే చాలా డబ్బు కావాలని మన పల్లెల్లో భయపడతాము. మా సండేస్కూలు పిల్లలతో హైదరాబాదు వెళ్ళినప్పుడు చూచిన వాటిని ఇక్కడ వ్రాస్తున్నాము.

ఉదయమే నెహ్రూ జూ పార్కుకు వెళ్ళండి. 1963లో తెరిచిన ఈ జూకు సోమవారము సెలవు. చలికాలపు ఎండలో పిల్లలు ఎంత నడిచినా అలసిపోరు. మధ్యాహ్నము సాలార్‌జంగ్ మ్యూజియం చూడవచ్చును. దానికి శుక్రవారము సెలవు. అక్కడి గడియారములో గంటగంటకూ గడ్డపు బొమ్మ ఒకటి బయటికి వచ్చి గంట కొడుతుంది. పిల్లలు కదలరు!

మరునాడు సుమారు 100 కిలోమీటర్ల దూరములోని మెదకు. అక్కడి దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. కరువు కాలములో ఆకలిగొన్నవారికి పని కల్పించి పాస్నెట్ దొరగారు దీనిని కట్టించారు. రంగుటద్దాల కిటికీలలో ప్రభువు జననము, సిలువ, ఆరోహణము కనబడతాయి. వెలుగు ఉంటేనే అవి మెరుస్తాయి గనుక పగలే వెళ్ళండి.

“దీన్ని కట్టింది మా అమ్మానాన్నల్లాంటి కూలోళ్ళేనా, అయ్యగారూ?” అని ఒక పిల్లవాడు అడిగాడు. “అవును బాబూ” అన్నాము. వాడు గోడను చేతితో తడిమి చూచాడు.

ఛార్జీలు లేక ఆగిపోయే పిల్లలు ప్రతి సంఘములోనూ ఉంటారు. మా పెద్దలు ముందుగానే చందా వేసుకొన్నారు. ఎవరి ఛార్జీ ఎవరిచ్చారో పిల్లలకు తెలియనియ్యలేదు. స్వెట్టరు లేనివారికి దుప్పట్లు తెచ్చారు. మీరు కూడా అట్లే చేయండి. ఒక్క బిడ్డను కూడా ఇంటి దగ్గర విడిచిపెట్టకండి.