మేము లేని దినమున

ఈ సంగతి వ్రాయవలెనా వద్దా అని చాలకాలము తటపటాయించితిని. ఇంటి గుట్టు వీధిలో పెట్టుకొనుట ఎవరికి ఇష్టము? అయినను ఇట్టి బిడ్డలు గల ఇండ్లు మా ఊరిలోనే మరి రెండున్నవి. మీ ఊళ్లలోను ఉండకపోవు. వారికొరకు వ్రాయుచున్నాను.

మా చిన్నవానికి పదునెనిమిదేండ్లు నిండినవి. మీసము వచ్చినది గాని బుద్ధి అయిదేండ్ల పిల్లవానిది. అన్నము కలిపి పెట్టవలెను, చొక్కా గుండీలు పెట్టవలెను. నా సైకిలు గంట వీధి మలుపులో వినబడగానే, ఎక్కడున్నను పరుగెత్తుకొని వచ్చి, హ్యాండిలు పట్టుకొని సైకిలును లోపలికి నడిపించును. ఆ పని మరియొకరిని చేయనీయడు.

వానికి ఎనిమిదేండ్లప్పుడు ఒక రాత్రి వాని తల్లి, "మనం పోయాక వీడి గతేమిటండీ?" అని అడిగెను. "దేవుడున్నాడులే" అంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "దేవుడున్నాడు. అన్నం కలిపేదెవరు?" అని అటు తిరిగి పడుకొనెను. నాకు తెల్లవారువరకు నిద్ర పట్టలేదు.

మా బంధువులలో ఒకడు బీమా ఏజెంటు. మరునాడే వానియొద్దకు పోయి పిల్లవాని పేర పాలసీ వ్రాయించితిని. నెల తిరుగకముందే కాగితములు వెనుకకు వచ్చినవి. బిడ్డ ఆరోగ్యస్థితినిబట్టి అంగీకరింపలేమని అందులో ఉన్నది. ఇంటిది ఆ ఉత్తరము చూచి, "అంటే వాడి ప్రాణానికి వెల లేదన్నమాట" అని కంటనీరు పెట్టుకొనెను. నాకును కోపము వచ్చినది. ఎవరు కనబడినను ఆ కంపెనీని తిట్టుటయే నా పనియైనది.

ఒకనాడు మా ఊరి పోస్టుమాస్టరుగారు, అప్పటికే ఉద్యోగము విరమించినవారు, నా మాటలన్నియు విని ఇట్లనిరి: "మాస్టారూ, వాడు పోతే ఆ డబ్బు మీకెందుకండీ? మీరు పోతే గదా వాడికి కావాలి! ఇల్లు ఎవరి రెక్కల మీద నిలిచిందో వాళ్ల ప్రాణానికి చేయించాలి బీమా." బడిలో పిల్లలకు లెక్కలు చెప్పువాడను, ఇంతమాత్రము నాకు తోచలేదు గదా అని సిగ్గుపడితిని.

ఆయన సలహాపై నా పేర టర్మ్ పాలసీ తీసికొంటిని. గడువులోపల నేను పోయినచో మొత్తము సొమ్ము వచ్చును. బ్రతికియున్నచో ఏమియు తిరిగి రాదు. "కట్టిందంతా నీళ్లపాలవుతుంది బావా" అని మా ఏజెంటు గొణిగెను. బ్రతికియుంటే వానికి నేనే ఉంటిని గదా! అదే కిస్తీకి ఇతర పాలసీలలో వచ్చు మొత్తముకంటె ఇందులో వచ్చునది అనేకరెట్లు ఎక్కువ.

అయితే ఇందులో మావంటివారికి ఒక చిక్కున్నది. పెద్దవాడు తన కాళ్లమీద నిలుచువరకే నా అవసరము. చిన్నవాని అవసరమునకు గడువు లేదు. టర్మ్ పాలసీకి ఉన్నది. కావున చిన్న మొత్తమునకు తపాలాశాఖవారి గ్రామ సురక్ష కూడ తీసికొంటిని. 1995లో పల్లెలవారికని పెట్టిన గ్రామీణ తపాలా బీమాలో ఇది యావజ్జీవ పాలసీ. ఎనుబదేండ్లు నిండినప్పుడైనను, అంతకుముందే కన్నుమూసినప్పుడైనను సొమ్ము చెల్లింతురు.

అన్నట్లు నాకు చక్కెరవ్యాధి యున్నది. "అది రాయకు బావా, కిస్తీ పెరుగుతుంది" అని ఏజెంటు చెప్పెను. వ్రాసితిని, కిస్తీ పెరిగినది. 2015లో మారిన చట్టముప్రకారము మూడేండ్లు నిండిన పాలసీని కంపెనీ ఏ కారణముచేతను ప్రశ్నింపరాదు. కాని ఆ మూడేండ్లలోపలే నేను పోతే? దాచిన జబ్బు బయటపడి, సొమ్ము రాకపోతే, ఆ శిక్ష అనుభవించునది ఎవరు?

ఇంతకంటె పెద్దప్రశ్న వేరే యున్నది. సొమ్ము వచ్చినది సరే, ఎవరి చేతికి? మా బంధువులలో ఒకరు చనిపోయిన మూడవనాడే అప్పులవారు అరుగుమీద కూర్చుండిరి. అది చూచినవాడను. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టమని ఒకటున్నది. పెండ్లియైన పురుషుడు ఆ చట్టముక్రింద భార్యాబిడ్డల మేలుకొరకని తన ప్రాణముపై పాలసీ చేసినచో అది వారి ట్రస్టు సొమ్మగును. అప్పులవారు ముట్టలేరు, తానును తన అక్కరకు తీసికొనలేడు. (అప్పు ఎగవేయుటకే చేసినదైతే ఆ రక్షణ లేదు.) సొమ్ము పుచ్చుకొని బిడ్డకొరకు ఖర్చుచేయు ధర్మకర్తను కూడ అందులోనే వ్రాయవచ్చును. అయితే దరఖాస్తు నాడే ఈ మాట చెప్పవలెను. ఆ ఫారము తిరుగవేయుచున్న మా ఏజెంటు చేయి పట్టుకొని ఆపవలసి వచ్చినది.

బిడ్డకు పదునెనిమిది నిండినతోడనే తల్లిదండ్రుల సంతకము చెల్లదన్న సంగతి చాలమందికి తెలియదు. మావాడు సంతకము చేయలేడు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టముక్రింద, బుద్ధిమాంద్యము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, ఒకటికి మించిన వైకల్యములు గలవారికి, జిల్లా కలెక్టరుగారు సభ్యులుగా ఉండు స్థానిక కమిటీ సంరక్షకులను నియమించును. మేము దరఖాస్తు పెట్టితిమి. ఆ ట్రస్టువారిదే నిరామయ అను ఆరోగ్యబీమా కూడ ఉన్నది. ముందుగా వైద్యపరీక్ష లేకుండ లక్ష రూపాయలవరకు వైద్యపు ఖర్చునకు.

ఎల్.ఐ.సి. వారు జీవన్ ఆధార్ అని ఇట్టి బిడ్డలకొరకే ఒక పాలసీ జారీచేసిరి. పోషకుడు పోయిన పిమ్మట కొంత ఒక్కసారిగా, తక్కినది విడతలుగా బిడ్డకు అందును. పోషకుడు బ్రతికియుండగా సొమ్ము వచ్చు ఏర్పాటైతే ఆదాయపు పన్నులో మినహాయింపు లేదనిరి. తండ్రి ముసలివాడై సంపాదన ఆగినను, బిడ్డ ఆకలి తండ్రి చావువరకు ఆగునా? ఈ మాట సుప్రీంకోర్టువరకు పోయినది. 2019లో కోర్టువారు ఆ నిబంధనను కొట్టివేయలేదు గాని, ప్రభుత్వము ఆలోచింపవలెననిరి. 2022లో చట్టము మార్చి, పోషకునికి అరువదేండ్లు నిండి కిస్తీలు కట్టుట మానిన పిమ్మట సొమ్ము అందినను మినహాయింపు పోదనిరి.

మొన్న సంక్రాంతి సెలవులకు పెద్దవాడు వచ్చి కాగితములన్నియు చూచెను. "ధర్మకర్తగా మామయ్య పేరుంది. నా పేరు లేదేం నాన్నా?"

"అప్పుడు నీకు పన్నెండేళ్లురా."

"తమ్ముణ్ణి చూడటానికి నాకు డబ్బు కావాలా?" వాని గొంతు మారినది.

"నీకక్కరలేదు నాన్నా. రేపు మనింటికొచ్చే పిల్లకి, మీ బిడ్డల బడి ఖర్చులకి కావాలి. వీడి వల్ల మాకు తక్కువైంది అని ఎవరూ అనుకోకూడదు." వాడు బదులు చెప్పలేదు. లేచిపోయి తమ్మునికి స్నానము చేయించెను.

ఈ మధ్య ఇంటిది చెప్పగా నేనొక నోటుపుస్తకములో వ్రాయుచున్నాను. ములక్కాడ పెట్టరాదు, పీచు గొంతులో అడ్డుపడును. ఉరుము ఉరిమిన మంచముక్రింద దూరును. లాగరాదు, ప్రక్కన కూర్చుండవలెను. మాత్ర బెల్లముముక్కతో ఇచ్చిన మ్రింగును. నలుబది పుటలు నిండినవి. నిన్న రాత్రి ఆమె నిద్రలోనుండి లేచి మరియొకటి చెప్పెను, అదియు వ్రాసితిని: సాయంకాలము ఇంటికి వచ్చువారెవరైనను, వీధి మలుపులో సైకిలు గంట కొట్టి రావలెను.