పడవ పొట్టకు రంగు

మేరీలాండ్‌లోని అనాపొలిస్‌కి వచ్చినవాళ్ళు నేవల్ అకాడమీ చూసి, రేవు దగ్గర తెరచాపల ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. నాకు నచ్చిన అనాపొలిస్ మాత్రం క్రీక్ అవతల, ఈస్ట్‌పోర్ట్ పడవల యార్డుల్లో ఉంది. చలికాలంలో చాలా పడవల్ని నీళ్ళలోంచి తీసి ఇనుప స్టాండ్ల మీద నిలబెడతారు. మార్చి 20 ప్రాంతంలో, వసంతం వచ్చిందని ఇక్కడివాళ్ళు చలికాలపు సాక్సులు మంటలో వేసి కాల్చేస్తారు. మన భోగిమంటే అనుకోండి! ఇక అక్కణ్ణించి రంగుల పని మొదలు.

మా పక్కింటావిడకి డెబ్భై ఏళ్ళు. కిందటేడు భర్త పోయారు. ఆయన ముప్ఫై అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ మిగిలింది. "అడుగున రంగు వేసి అమ్మేస్తాను, కాస్త సాయం వస్తావా?" అంటే సరేనన్నాను. కాకినాడలో జగన్నాథపురం వంతెన మీంచి పడవలు చూడడమే కానీ, ఒకదాని పొట్ట కిందకి దూరడం అదే మొదటిసారి.

నీళ్ళలో మునిగే భాగానికి వేసేది మామూలు రంగు కాదు. అందులో రాగి ఆక్సైడ్ ఉంటుంది. ఆ రాగి కొద్దికొద్దిగా నీళ్ళలోకి విడుదలవుతుంటే నాచు, బార్నకిల్స్ అనే గుల్లలు అంత తేలిగ్గా అంటుకోవు. అవి పట్టాయంటే పడవ ముందుకు సాగదు. అరిగిపోవడమే ఈ రంగు పని, అందుకే మళ్ళీ మళ్ళీ వెయ్యాలి. పాత రంగు గీకినప్పుడు రేగే పొడి మన ఊపిరితిత్తుల్లోకీ పోకూడదు, నీళ్ళలోకీ పోకూడదు. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, ముఖానికి రెస్పిరేటర్ తగిలించుకుని, వాక్యూమ్ ఉన్న శాండర్‌తో మొదలుపెట్టాం.

రెండో రోజు చుక్కాని దగ్గర రూపాయి బిళ్ళంత బొబ్బలు కనిపించాయి. ఒకటి గుచ్చితే వెనిగర్ వాసనతో జిగట నీళ్ళు కారాయి. ఆవిడ నిచ్చెన మెట్టు మీద కూలబడిపోయింది. "ఆయన ఏటా చూసుకునేవాడు. ఒక్క ఏడు నేను వదిలేశాను, కుళ్ళిపోయింది" అంది.

నేను చదివింది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పెళ్ళయి వచ్చాక పదకొండేళ్ళుగా ఆ పట్టా సూట్‌కేసులోనే ఉంది. "ఎండుద్రాక్ష నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది కదండీ, ఇదీ అంతే" అన్నాను. పైపొర గుండా నీరు మెల్లగా లోపలికి చేరి, రెసిన్‌లో మిగిలిన రసాయనాలను కరిగిస్తుంది. ఆ చిక్కటి ద్రావణం ఇంకా నీటిని లాక్కుంటుంది. పొర ఉబ్బుతుంది. "దీనికి ఏళ్ళు పడుతుంది. మీ ఒక్క ఏడాదిలో వచ్చింది కాదు. ఆయన ఉన్నప్పుడే లోపల మొదలై ఉంటుంది."

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ముక్కు తుడుచుకుని, "అయితే ఆయనకీ కనిపించలేదన్నమాట" అని నవ్వింది.

యార్డు మేస్త్రీ చిన్న సుత్తితో అడుగంతా తట్టి, శబ్దం విని, మిగతాదంతా గట్టిగానే ఉందన్నాడు. బొబ్బలు తెరిచి, మంచినీళ్ళతో కడిగి, వారాల తరబడి ఆరబెట్టి, ఎపాక్సీ నింపాం. ఆ పైన రెండు పూతలు నీలం రంగు.

మే నెలాఖరున క్రేను పడవని నీళ్ళలోకి దింపింది. మేం వేసిన రంగంతా మునిగిపోయింది, ఒక్క నీలపు గీత తప్ప. అమ్మకం బోర్డు ఏదని అడిగాను. ఆవిడ నా చుడీదార్ మీద మరకలు చూపించి, "వచ్చే వసంతానికి అది దాచుకో" అంది.