తెల్లపంచె మీద బెత్లెహేము

చిన్నప్పుడు మాకు క్రిస్మస్ సినిమా అంటే ‘కరుణామయుడు’ ఒక్కటే. 1978 డిసెంబరులో వచ్చింది. దర్శకుడు భీంసింగ్ విడుదల చూడకుండానే ఆ ఏడు మొదట్లో కన్నుమూశారు. మా అవ్వకైతే యేసంటే, అందులో ఆ వేషం కట్టిన విజయచందరే. మేం దాన్ని హాల్లో చూడలేదు. చిత్తూరులో చర్చి కాంపౌండులో రెండు గుంజలకు తెల్లపంచె కట్టి, 16 ఎం.ఎం. ప్రొజెక్టరుతో వేసేవాళ్లు. ముందు చోటు దొరకనివాళ్లు తెర వెనక కూర్చుంటే, వాళ్లకు సినిమాలో అందరూ ఎడమచేతి వాటమే. రీలు మార్చే సందులో పెద్దాయనెవరో కీర్తన ఎత్తుకునేవాడు. కొరడా దెబ్బల దగ్గర అవ్వ చెంగు తలమీదికి లాక్కుని ఏడ్చేది. శనివారాలు వెంకన్నకు ఒక్కపొద్దుండే మా వీధి ఆడవాళ్లూ ఆమె పక్కన కూర్చుని ఏడ్చేవాళ్లు.

కాలేజీ రోజుల్లో ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ చూశాను. ఫ్రాంక్ కాప్రా 1946లో తీసింది. మంచు, అలంకరించిన చెట్టు, గంటలు. మా నాయన ఏటా సరుగుడు కొమ్మకు దూది ఎందుకు అంటించేవాడో అప్పుడు అర్థమైంది. 1853లో మొదలైన అమెరికావాళ్ల ఆర్కాట్ మిషన్ ఈ ప్రాంతంలో బడులు, ఆసుపత్రులు పెట్టింది. ఆ మిషన్ బంగళాలో మా తాత చూసొచ్చిన చెట్టే మా ఇంటికొచ్చింది. అసలు ఆ సినిమాలో మంచూ నిజం కాదు. కాలిఫోర్నియా ఎండల్లో, మంటలార్పే నురగలో సబ్బు నీళ్లు కలిపి చిమ్మారు. మా దూదికేం తక్కువ!

ఆ సినిమా చివర ఊరంతా కదిలొచ్చి, కష్టంలో ఉన్న కథానాయకుడు జార్జి బల్ల మీద డబ్బు కుప్పపోస్తుంది. నాకు మా కేరల్స్ డబ్బా గుర్తొచ్చింది. పెట్రోమాక్స్ లైటు ముందు నడవగా రాత్రంతా ఇంటింటికీ పోయి పాడేవాళ్లం. వేలూరు పక్కనే కాబట్టి తెలుగు పాట వెనకే తమిళ పాట. డబ్బాలో పడిన చిల్లర ఆ ఏడు జబ్బుపడిన ఇంటికి చేరేది.

ఇంట్లో అవ్వ కర్జికాయలు, నిప్పట్లు ముగించి గులాబీ పువ్వులకు కూర్చునేది. అచ్చును కాగే నూనెలో ఉంచి, పిండిలో అంచు మునగకుండా ముంచి, మళ్లీ నూనెలో పెట్టి మెల్లగా ఆడించేది. పువ్వు విడిపోయి తేలేది. నేను తొందరపడితే, “అచ్చు బాగా కాగల్లరా, లేకపోతే పువ్వు ఊడదు” అనేది. పండగనాడు ఆ పళ్లేలు పక్కిళ్లకు పోయేవి. సంక్రాంతికి అత్తిరసాలతో తిరిగొచ్చేవి.

‘కరుణామయుడు’లో పశువుల పాక ఉంది. అమెరికా సినిమాలో వాళ్ల పండగ ఉంది. వెదురుబద్దల నక్షత్రం, కేరల్స్ డబ్బా, అవ్వ అచ్చు ఉన్న మా పండగను మాత్రం నేను ఏ తెర మీదా చూడలేదు. ఇది పెద్ద లోటు. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె పిల్లలూ, మీ అందరి చేతుల్లో కెమెరాలున్నాయి. అచ్చు పట్టే అవ్వలు ఇంకా ఉన్నారు. వచ్చే డిసెంబరులోనే తీయండి.