మేత నుంచి అండం దాకా

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న, ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా భూభాగం నుంచి ఏర్పడ్డాయి. వరి, మక్క, పత్తి, మిరప పండే మైదానంతో మొదలై గోదావరి ఒడ్డు అడవులతో ముగిసే ఈ ప్రాంతానికి సాహిత్యాభిమానులు పాలకుర్తి, బమ్మెర గ్రామాల కోసమూ, భక్తులు కాళేశ్వరం కోసమూ వస్తుంటారు. పశు పునరుత్పత్తి శాస్త్రం చదివినవారు ఇదే దారిన వస్తే వారి చూపు తవుడు బస్తాల మీద, మక్క కంకుల మీద, ఊరి అంచున మేసే నల్లని దేశవాళీ పందుల మీద నిలుస్తుంది. ఆడపంది తినే మేతలోని కొవ్వు దాని అండాశయం దాకా చేరి, అక్కడి అండం నాణ్యత మీద ప్రభావం చూపుతుంది కనుక, ప్రయోగశాలలో పంది అండం ఎలా పక్వమవుతుందో తెలుసుకోదలచినవారు ఈ పల్లెల నుంచి బయలుదేరడమే సమంజసం.

కొవ్వు ఆమ్లం అంటే కర్బన పరమాణువులు గొలుసుకట్టుగా కూడిన అణువు. ఆ గొలుసులో జంట బంధాలు లేకపోతే అది సంతృప్తమనీ, ఒకటి ఉంటే ఏక అసంతృప్తమనీ, అంతకు మించి ఉంటే బహుళ అసంతృప్తమనీ అంటారు. ఇవి మూడేసి చొప్పున గ్లిసరాల్‌తో కలిసినప్పుడు ఏర్పడే ట్రైగ్లిజరైడు రూపంలోనే జంతువులూ మొక్కలూ కొవ్వును ఎక్కువగా నిల్వ చేసుకుంటాయి. ఆవు, గేదె వంటి నెమరువేసే పశువుల మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు మేతలోని అసంతృప్త ఆమ్లాలకు హైడ్రోజన్‌ను చేర్చి చాలావరకు సంతృప్తంగా మార్చివేస్తాయి, కానీ పందికి ఉన్నది ఒకే అర గల పొట్ట కాబట్టి అది తిన్న కొవ్వు పెద్దగా రూపం మారకుండానే రక్తంలోకీ ఒంటి కొవ్వులోకీ చేరుతుంది. అందుచేత ఒక ప్రాంతపు పందుల కొవ్వును పరీక్షిస్తే ఆ ప్రాంతపు పంటల జాడ తెలుస్తుంది.

హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్లే రహదారిపై ముందుగా వచ్చే జనగామ వరి పండే జిల్లా, కనుక ఇక్కడ పంది మేతగా సులువుగా దొరికేది బియ్యపు మిల్లుల తవుడు. తవుడు నూనెలో సుమారు 40 శాతం ఓలియిక్ ఆమ్లం, మూడో వంతు లినోలియిక్ ఆమ్లం, ఐదో వంతుకు కాస్త అటూఇటూగా పామిటిక్ ఆమ్లం ఉంటాయి. వీటిలో మొదటిది ఏక అసంతృప్తం, రెండోది బహుళ అసంతృప్తం, మూడోది సంతృప్తం. బియ్యానికి పాలిష్ పట్టిన క్షణం నుంచే తవుడులోని లైపేజ్ అనే ఎంజైము ట్రైగ్లిజరైడులను విడగొట్టడం మొదలుపెడుతుంది, విడివడిన ఆమ్లాలు గాలి సోకి పాడవుతాయి, ఆ దశనే రైతులు తవుడు ముక్కిపోయిందంటారు. ముక్కిన తవుడును పక్కన పెట్టే పెంపకందారు పాటిస్తున్న జాగ్రత్తా, అండాలను పక్వపరిచే పోషక ద్రవంలో, అంటే మాధ్యమంలో, కొవ్వు ఆమ్లాలు ఆక్సీకరణ చెందకుండా చూసే ప్రయోగశాల పాటించే జాగ్రత్తా ఒకే రసాయన సత్యం మీద ఆధారపడినవి.

ఒకప్పటి మానుకోట అయిన మహబూబాబాద్‌లో మిరపతో పాటు మక్క కూడా పండుతుంది, ఆ మక్క నూనెలో సగానికి పైగా లినోలియిక్ ఆమ్లమే. రాష్ట్రంలో ఆయిల్ పామ్ సాగు విస్తరిస్తున్న జిల్లాలలో ఇదీ ఒకటి. ఆ తోటల గెలల నుంచి తీసే పామాయిల్‌లో దాదాపు 44 శాతం పామిటిక్, 40 శాతం ఓలియిక్ ఆమ్లాలు ఉంటాయి. పత్తి గింజల చెక్క విషయంలో మాత్రం పెంపకందారులు మెలకువతో ఉండాలి, ఎందుకంటే అందులోని గాసిపాల్ అనే పదార్థాన్ని నెమరువేసే పశువులు కొంతవరకు తట్టుకోగలిగినా పందులు తట్టుకోలేవు.

బొగ్గు గనుల పట్టణమైన భూపాలపల్లి దాటి ఉత్తరానికి వెళ్లేకొద్దీ పొలాలు తగ్గి అడవి చిక్కబడుతుంది, పంట నూనెల స్థానంలో ఇప్ప గింజల నూనె కనిపిస్తుంది; పామిటిక్, స్టియరిక్ అనే సంతృప్త ఆమ్లాలు గణనీయంగా ఉండటం వల్ల చలికాలంలో అది పేరుకుంటుంది. మేత ఏదైనా, తెలంగాణలో పందుల పెంపకాన్ని తరతరాలుగా వృత్తిగా నిలుపుకొన్నవారు షెడ్యూల్డు తెగకు చెందిన ఎరుకలవారు. ఏ పంది ఎన్ని పిల్లలను పెడుతుందో, ఏ మేతకు ఎదకు వస్తుందో, ఏ ఎండకు చూలు నిలవదో వారికి అనుభవంతో తెలుసు. ఆ అనుభవం కాగితం మీదికి ఎక్కనందువల్లనే దానిని అజ్ఞానమనుకోవడం అన్యాయం.

ఈ మూడు జిల్లాలకు అందుబాటులో ఉన్న పశువైద్య కళాశాల, వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే దారిలో మామునూరులో, పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తున్నది. అండాలను పక్వపరిచే పని ఏ ప్రయోగశాలలో చేపట్టినా దాని క్రమం ఒక్కటే. వధశాలలో సేకరించిన అండాశయాలను గోరువెచ్చని ఉప్పునీటిలో ఉంచి ఫ్లాస్కులో తీసుకువస్తారు. పంది అండం 15 డిగ్రీల కంటే తక్కువ చల్లదనాన్ని ఓర్చుకోలేదు కాబట్టి ఇందులో ఏమరుపాటు పనికిరాదు. అండాశయం మీద నీటి బుడగల్లా కనిపించే పుటికలలో 3 నుంచి 6 మిల్లీమీటర్ల వ్యాసం గలవాటిని ఎంచి, వాటి ద్రవాన్ని సూదితో లాగి, సూక్ష్మదర్శిని కింద వెదికితే, క్యుములస్ కణాలు పొరలుపొరలుగా చుట్టుకొన్న అండాలు కనబడతాయి. ఆవు అండం 22 నుంచి 24 గంటలలో పక్వమైతే, పంది అండానికి 39 డిగ్రీలకు చేరువైన వేడిలో, 5 శాతం కార్బన్ డయాక్సైడు కలిసిన తేమగాలిలో, హార్మోన్లు చేర్చిన మాధ్యమంలో 42 నుంచి 44 గంటలు పడుతుంది. ఆ గడువులో అండకేంద్రకం క్షయకరణ విభజనలో ముందుకు సాగి, మొదటి ధ్రువకణం అనే చిన్న కణాన్ని బయటికి విడుస్తుంది; దీనితో కేంద్రక పక్వత చేకూరినట్టే, కానీ పిండాన్ని పోషించగల శక్తిని సమకూర్చుకొనే కణద్రవ్య పక్వత కూడా పూర్తయితేనే అండం ఫలదీకరణకు సిద్ధమైనట్టు.

కొవ్వు ప్రాముఖ్యం ఈ రెండో పక్వతలో బయటపడుతుంది. 2000లో ప్రచురితమైన ఒక కొలత ప్రకారం ఒక్కొక్క అండంలోని కొవ్వు ఆమ్లాలు ఆవులో 63, గొర్రెలో 89, పందిలో 161 నానోగ్రాములు; ఆ నిల్వ వల్లనే పంది అండం సూక్ష్మదర్శిని కింద నల్లగా, దాదాపు కాంతి చొరనట్టుగా కనిపిస్తుంది. ఈ కొవ్వు ఊరికే నిల్వ ఉండేది కాదు. పక్వమయ్యే సమయంలో ట్రైగ్లిజరైడులు తరగడం గమనించిన శాస్త్రజ్ఞులు, కొవ్వు ఆమ్లాలు మైటోకాండ్రియాలోకి ప్రవేశించే దారిని మందుతో మూసినప్పుడు అండాల అభివృద్ధి దెబ్బతినడమూ, ఆ ఆమ్లాలను లోపలికి చేరవేసే కార్నిటిన్ అనే పదార్థాన్ని అందించినప్పుడు మెరుగుపడటమూ చూశారు. ఒక పామిటిక్ ఆమ్లపు అణువు పూర్తిగా దహనమైతే కణానికి సుమారు 106 ఏటీపీ అణువుల శక్తి లభిస్తుంది, గ్లూకోజు అణువు నుంచి వచ్చేది 30 నుంచి 32 మాత్రమే.

అయితే కొవ్వు ఆమ్లాలన్నీ ఒకే గుణం గలవి కావు. పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు మితిమీరితే అండానికి హాని చేస్తాయి, ఓలియిక్ ఆమ్లం తోడైతే అవి కొవ్వు బిందువులలో నిల్వచేరి ఆ హాని తగ్గుతుందని ఆవు అండాల మీద జరిగిన ప్రయోగాలు తెలిపాయి. లినోలియిక్ ఆమ్లం ఎక్కువైనా ఆవు అండాల పక్వత కుంటుపడుతుంది. పంది అండాల మాధ్యమంలో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాన్ని స్వల్ప మోతాదులో చేర్చినప్పుడు పిండాల ఎదుగుదల మెరుగైంది. ఈ ఫలితాలను జిల్లాల పంటల పక్కన పెట్టి చూస్తే, తవుడు తిన్న పందికీ పామాయిల్ మడ్డి తిన్న పందికీ పుటిక ద్రవం ఒకే తీరుగా ఉండదని అనుకోవడానికి బలమైన ఆధారం దొరుకుతుంది.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్నకు జవాబులు రెండు. మొదటిది వైద్యం: 2022 జనవరిలో అమెరికాలోని మేరీల్యాండ్‌లో వైద్యులు జన్యుమార్పిడి చేసిన పంది గుండెను ఒక మనిషికి అమర్చారు, అటువంటి పందులను క్లోనింగ్ ద్వారా పుట్టించడానికి ప్రయోగశాలలో పక్వమైన అండాలు పెద్ద ఎత్తున కావాలి. రెండోది మన ఊళ్లకు మరింత దగ్గరిది. 2020లో దేశంలోకి ప్రవేశించిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వ్యాధి సోకిన మందలను దాదాపుగా తుడిచిపెట్టగలదు కనుక దేశవాళీ పందుల జన్యువులను శీతలీకరించి దాచుకోవలసిన అవసరం ఉంది. అయితే అండానికి శక్తినిచ్చే కొవ్వే శీతలీకరణకు ఆటంకమవుతున్నది. 1995లో పరిశోధకులు పిండాల నుంచి కొవ్వు బిందువులను తొలగించి, శీతలీకరించి, మళ్లీ బతికించి పందిపిల్లలను పుట్టించి దారి చూపారు. దేశవాళీ రక్తం విలువ మన శాస్త్రజ్ఞులకు కొత్త కాదు. తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయం రూపొందించిన టి-17 సంకరజాతిలో 75 శాతం లార్జ్ వైట్ యార్క్‌షైర్‌తో పాటు 25 శాతం దేశవాళీ రక్తం ఉంది.

కాబట్టి అండాశయాలను సేకరించే రోజున వాటితో పాటు ఆ పంది వయసు, ఈతల సంఖ్య, తిన్న మేత కూడా నమోదు చేయాలి. ఈనిన పందుల అండాలు ఇంకా ఈనని పడ్డల అండాల కంటే మేలైన పిండాలనిస్తాయని తెలిసిన తరువాత కూడా ఈ వివరాలను వదిలివేస్తే ఫలితాలు పోల్చడానికి పనికిరావు. ఆ వివరాలు చెప్పగలిగినవారు ఎరుకల పెంపకందారులే కనుక వారిని ముడిసరుకు అందించేవారిగా కాక పరిశోధనలో భాగస్వాములుగా గుర్తించి, బదులుగా ఎంగిలి కూడును ఉడికించి పెట్టడం, ముక్కిన తవుడును తప్పించడం, నూనెల పాళ్లు సరిచూడటం వంటి తేలిక మెలకువలను వారి దొడ్ల దాకా చేర్చడం విశ్వవిద్యాలయాల బాధ్యత. అండం నాణ్యతను ప్రయోగశాల కాపాడగలదు, కొంత పెంచగలదు, కానీ దానికి పునాది వేసేది మేత. ఆ మేతను ఎంచే చేతులకు గౌరవమూ గిట్టుబాటూ దక్కినప్పుడే ఈ శాస్త్రం ఈ మూడు జిల్లాలకు నిజంగా ఉపయోగపడుతుంది.