చెరువుల మీద హెలికాప్టర్ విహారం

ఉండి నుంచి కైకలూరు దిశగా సాగితే వరిచేలు వెనకబడి చేపల చెరువులు ఎదురవుతాయి. వీటిని హెలికాప్టర్ నుంచి చూడాలని విద్యార్థులు ముచ్చటపడినప్పుడల్లా మేము కొవ్వాడలంకను గుర్తుచేస్తాం. 2002 మార్చి 3న భీమవరంలో బయలుదేరిన లోక్‌సభ స్పీకర్ బాలయోగి హెలికాప్టర్ అక్కడి చేపల చెరువులో కూలింది. అందులోని ముగ్గురూ మరణించారు.

మంచు కమ్మితే ఈ సీమలో నీరేదో నేలేదో తెలియదు. కనుక పైలట్ ‘నేడు వద్దు’ అంటే పట్టుబట్టరాదు. బరువు అడిగితే ఉన్నదున్నట్లు చెప్పాలి. తోక రెక్క వైపు పోరాదు. పైలట్ సైగ చేశాక, అతనికి కనిపించేలా ముందునుంచి, తలవంచి, పిల్లల చేయి వదలక ఎక్కాలి. టోపీ, దుపట్టా ఎగిరిపోకుండా చూసుకోవాలి. బెల్టు విప్పడం ముందే నేర్చుకోవాలి.

తవక్కుల్ అంటే జాగ్రత్త మానడం కాదు. విహారం మరోనాడు దొరుకుతుంది. ప్రాణం మన వద్దనున్న అమానత్.