మా ఊళ్లో చూడ్డానికేముంది?

“మీ ఊళ్ల చూసేటందుకు ఏమున్నయే?” అని మా రూమ్మేట్ ఎప్పుడడిగినా నా దగ్గర ఒకటే జవాబు ఉండేది. “ఏం లేవే. పొలాలు, కాలవలు, మళ్లీ పొలాలు.”

మాది గుడివాడ. చుట్టుపక్కల కొండ లేదు, అడవి లేదు, జలపాతం అసలే లేదు. నేలంతా చాప పరిచినట్టుంటుంది. ఊరి బయట నిలబడితే ఏ తాటిచెట్టో, రైసుమిల్లు గొట్టమో తప్ప చూపుకి ఏదీ అడ్డం రాదు. తనదేమో ఆదిలాబాద్ వైపు. అడవులూ జలపాతాలూ చూస్తూ పెరిగిన పిల్లకి నేనేం చూపించను?

సంక్రాంతి వెళ్లిన వారానికి తనే టికెట్లు బుక్ చేసేసింది. “ఏం లేకుంటే ఏం లేనిదే చూస్త. నేనింక సముద్రం చూడలే తెలుసా?” అంది. ఇరవయ్యారేళ్లొచ్చినా సముద్రం చూడలేదట! మా ఇంటి నుంచి గంటన్నరలో సముద్రం. నేనే వెళ్లి ఆరేళ్లయింది.

నాన్నకి సొంత కారుంది, కిరాయికి తిప్పుతాడు. పెళ్లిళ్లు, ఆస్పత్రులు, మోపిదేవి మొక్కులు. శని, ఆదివారాలు గిరాకీ ఉండే రోజులే. అయినా ఫోన్లో చెప్పగానే, “రెండు రోజులూ బండి మీదేనమ్మా” అన్నాడు. చిన్నప్పటి నుంచీ ఆ కారు మా ఇంటి ముందే ఉన్నా, ఊళ్లు చూడ్డానికని నాన్న పక్కన కూర్చోవడం నాకదే మొదటిసారి.

శనివారం: పెడన, బందరు

ఏడు గంటలకే బయల్దేరాం. మంచు ఇంకా విడలేదు. గుడ్లవల్లేరు రోడ్డు పక్కనే కాలవ. కోసేసిన వరిచేలల్లో, ఆ మోళ్ల మధ్యే పచ్చగా ఇంకేదో పైరు. “దున్నకుండనే గిదెట్ల మొలిచింది అంకుల్?” అని అడిగింది మా పిల్ల.

“మినుమమ్మా. వరి కొయ్యడానికి నాలుగు రోజుల ముందే చేలో చల్లేస్తారు. కోత అయ్యేసరికి మొలకలొచ్చేస్తాయి. భూమిలో ఉన్న తడితోనే పంట వచ్చుద్ది.”

నేను ఈ చేల మధ్య పద్దెనిమిదేళ్లు పెరిగాను. ఈ సంగతి నాకు తెలీదు. తెలిసినట్టే తలూపాను.

పెడనలో కలంకారీ అద్దకం చూశాం. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. ఇక్కడ చెక్కతో చేసిన అచ్చులతో అద్దుతారు. ముందు గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. నలుపు రంగు తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్ల నుంచి వస్తుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక ముద్ర వేస్తారు. అప్పటికి ఎరుపు కనపడదు. రంగునిచ్చే వేళ్లూ చెక్కలతో ఉడికించాకే పైకి తేలుతుంది. మధ్యమధ్యలో పారే నీళ్లలో జాడించి, ఎండలో పరుస్తారు. అంటే ఈ పనికి కాలవ కావాలి, ఎండ కావాలి, ఖాళీ నేల కావాలి. ‘ఏమీ లేదు’ అని నేను చెప్పుకునే మా వైపు ఉన్నవి సరిగ్గా ఆ మూడే.

మీరూ వెళ్తే పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కేలోపు పనంతా కళ్ల ముందే నడుస్తుంటుంది. ఫొటో తీసేముందు ఒక్క మాట అడగండి. తడి గుడ్డ మీద మాత్రం కాలు పెట్టకండి. నేను పెట్టి తిట్లు తిన్నాను.

మధ్యాహ్నానికి బందరు. 1611లో ఇంగ్లిషు కంపెనీ వాళ్లు వ్యాపారానికి దిగిన రేవు ఇది. వాళ్లకంటే ముందే డచ్చి వాళ్లొచ్చారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. రాతి పలకల మీద కిరీటాలు, డాళ్లు, ఉబ్బెత్తు అక్షరాలు. చుట్టూ గడ్డి, నాలుగు మేకలు, మేమిద్దరం. ఒక్కో పలకనీ వేళ్లతో తడిమి చూస్తుంటే గంట ఎలా గడిచిందో తెలీలేదు.

నాన్న గేటు దగ్గర నిలబడి అన్నాడు. “ఒకప్పుడు పెద్ద ఊరమ్మా. 1864 నవంబరు ఒకటో తారీఖు రాత్రి ఉప్పెనొచ్చి ఊరంతా ముంచేసింది. ముప్పై వేల మంది పోయారంటారు. ఆ తర్వాత మళ్లీ అంత రేవు కాలేదు.”

“తారీఖుతో సహా మస్తు యాదికుందే అంకుల్ మీకు!”

“ఉప్పెన తారీఖులు ఈ వైపు వాళ్లకి గుర్తుంటాయిలే అమ్మా” అని కారు వైపు నడిచాడు.

సాయంత్రం మంగినపూడి బీచ్‌కి వెళ్లాం. ఊరి నుంచి పదకొండు కిలోమీటర్లు. మీరు రీల్స్‌లో చూసే తెల్ల ఇసుక, నీలం నీళ్లు ఇక్కడ ఉండవు. నల్లమట్టి కలిసిన ఇసుక, మట్టిరంగు నీళ్లు, దూరంగా లైట్‌హౌస్, సరుగుడు చెట్లు. మా పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ల దాకా పరిగెత్తి, అక్కడే ఆగిపోయింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వాళ్లమ్మకి వీడియో కాల్ చేసి, ఫోన్‌ని సముద్రం వైపు తిప్పి పట్టుకుంది. వాళ్లమ్మ కూడా చూడలేదట.

నాన్న కారు దిగలేదు. “మోకాళ్లు దాటి వెళ్లొద్దు” అని మాత్రం ముందే రెండుసార్లు చెప్పాడు. డ్రైవర్లంతా అలాగే బండి దగ్గరుంటారు కదా అనుకున్నాను.

రాత్రి బందర్లో పిన్ని వాళ్లింట్లో పడుకున్నాం. చేపల పులుసు, ఆ పైన బందరు లడ్డు. శనగపిండితో చేసినదాన్ని రోట్లో దంచి, బెల్లం పాకంతో మళ్లీ దంచి చేస్తారు కాబట్టే దానికి తొక్కుడు లడ్డు అని పేరొచ్చింది. 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మా పిల్ల నాలుగు తింది. ఎవరూ లెక్కపెట్టలేదనుకుంది.

ఆదివారం: దివిసీమ

చల్లపల్లి, మోపిదేవి దాటాక పులిగడ్డ దగ్గర నాన్న కారాపాడు. కృష్ణమ్మ ఇక్కడే రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న లంకే దివిసీమ. ఒక పాయ మీదుగా సాగునీటి కాలవని అక్విడక్టు కట్టి దాటించారు. కింద నది, పైన కాలవ. నీళ్ల మీద నీళ్లు! కొండలు చూసి పెరిగిన పిల్ల ఆ గట్టు మీద కూర్చుని లేవనంది.

అవనిగడ్డ, కోడూరు దాటి హంసలదీవి. కాకి ఇక్కడి సంగమంలో మునిగి హంసగా మారిందని స్థలపురాణం. వేణుగోపాలస్వామి గుడి చూసుకుని, పాలకాయతిప్ప బీచ్‌కి చేరేసరికి తొమ్మిదయింది. అక్కడి నుంచి సంగమం వైపు ఇసుకలో నడవాలి.

“మీరెళ్లి రండి. నేనిక్కడ ఉంటా” అన్నాడు నాన్న.

“నిన్న కూడ రాలే. ఎందుకు అంకుల్, సముద్రమంటే బోర్ కొట్టిందా?” మా పిల్ల నవ్వుతూనే అడిగింది.

నాన్న కాసేపు స్టీరింగ్ మీద చెయ్యేసి కూర్చున్నాడు. “మా ఊరు ఈ పక్కనేనమ్మా” అన్నాడు.

నాన్నది గుడివాడ అనే నాకు తెలుసు.

“డెబ్భై ఏడు నవంబరు పంతొమ్మిది. శనివారం. నాకు ఏడేళ్లు. పొద్దున్నించీ గాలి. ఇంటికప్పు లేచిపోయింది. సాయంత్రానికి నీళ్లొచ్చాయి. అలలాగా రాలేదమ్మా, గోడ నడిచొచ్చినట్టు వచ్చింది. మా నాన్న కండువాతో నన్ను తుమ్మచెట్టుకి కట్టేశాడు. ముళ్లు గుచ్చుకుంటుంటే ఏడ్చాను. ఆ ముళ్లే పట్టుకున్నాయి నన్ను. అక్క చెయ్యి అమ్మ పట్టుకుంది. తెల్లారేసరికి అమ్మ ఉంది, అక్క లేదు.”

ఆ మాటలన్నీ నాన్న రోజూ చెప్పే గొంతుతోనే చెప్పాడు. ఫలానా ఊరికి ఎన్ని కిలోమీటర్లు అంటే చెప్పినట్టు.

నా పేరు మేనత్త పేరని నానమ్మ చెప్పేది. ‘ఏమైంది నానమ్మా?’ అంటే ‘చిన్నప్పుడే పోయింది’ అనేది. అంతే. నేను రెండో ప్రశ్న వెయ్యలేదు. ఆ ఉప్పెనలో పది వేల మందికి పైగా చనిపోయారని స్కూల్లో ఎప్పుడో విన్నాను. ఆ లెక్కలో మా ఇంటి మనిషి ఉందని నాకు 26 ఏళ్ల దాకా తెలీదు. అది కూడా ఎక్కడో ఆదిలాబాద్ నుంచొచ్చిన అమ్మాయి అడిగితే తెలిసింది.

“తర్వాత మా నాన్న మమ్మల్ని గుడివాడ తీసుకొచ్చేశాడు. రైసుమిల్లులో పని. మళ్లీ ఇటు రాలేదు. నేను కూడా కిరాయికే వస్తా. ఇక్కడి దాకా తెస్తా, బండి దగ్గరుంటా.”

“అయితే మేం గూడ పోం అంకుల్” అంది తను.

“ఇంత దూరమొచ్చి చూడకపోతే ఎట్టా? వెళ్లండి. నీళ్లలోకి మాత్రం వద్దు. ఏటి నీళ్లూ సముద్రం నీళ్లూ కలిసేచోట లోపల లాగుద్ది. పైకి తెలీదు.”

వెళ్లాం. ఇద్దరం మాట్లాడుకోలేదు. ఒక పక్క నది, చప్పుడు లేదు. ఇంకో పక్క సముద్రం, ఒకటే హోరు. మధ్యలో ఇసుక తిన్నె. అడుగు పడగానే ఎర్రెర్రని చిన్న పీతలు బొరియల్లోకి దూరిపోతున్నాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరానికొచ్చి గుడ్లు పెడతాయి. నక్కలూ కుక్కలూ తినెయ్యకుండా అటవీశాఖ ఆ గుడ్లని ఏరి, కంచె వేసిన చోట పాతిపెడుతుంది. పిల్లలయ్యాక సముద్రంలోకి వదులుతుంది. నది పాయల వెంబడి మడ అడవులు. వాటిలో చేపలు పట్టే పిల్లులు కూడా ఉంటాయి. మాకు కనపడలేదు. అవి రాత్రిపూట తిరిగేవి.

సంగమం దగ్గర నిలబడి నేను వెనక్కి తిరిగి చూశాను. అడ్డం ఒక్కటీ లేదు. అంత దూరం దాకా చదునే. ఈ నేల చాపలా ఉంటుందని ఎన్నిసార్లు నవ్వుకున్నానో. నీళ్లు పైకి లేస్తే ఎక్కడానికి ఏమీ లేకపోవడం అంటే ఏంటో అప్పుడు అర్థమైంది. వచ్చే దారిలో ఊరికొకటి చొప్పున స్తంభాల మీద ఎత్తుగా కట్టిన పాత బిల్డింగులు చూసి, ఇవేంటని నేనే అడిగాను. తుపాను షెల్టర్లు అన్నాడు నాన్న. చెట్లు తప్ప దిక్కులేని చోట ఉప్పెన తర్వాత లేచిన గోడలవి.

తిరిగొచ్చేసరికి నాన్న కార్లో లేడు. గుండె ఆగినంత పనైంది. చూస్తే ఇసుక మొదలయ్యేచోట నిలబడి ఉన్నాడు, చెప్పులు చేత్తో పట్టుకుని.

“ఎంత దూరం వెళ్లావ్ నాన్నా?”

“ఇక్కడికే” అన్నాడు. కాళ్లకంటిన ఇసుక దులుపుకుని కారెక్కాడు.

వెనక్కొస్తూ అవనిగడ్డ దగ్గర ఉప్పెన స్మారక స్తూపం ముందు ఆగాం. నాన్న ఈసారి ముందే దిగాడు.

మీరు వెళ్తే

నవంబరు నెలాఖరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. తుపాను హెచ్చరిక ఉంటే మాత్రం టికెట్లు క్యాన్సిల్ చేసుకోండి, డబ్బులు పోయినా పర్లేదు. తెల్లారకముందే లేవండి, మధ్యాహ్నం ఎండలో ఇసుక మీద నడవలేరు. పాలకాయతిప్ప వైపు కొట్లు ఉంటాయని నమ్ముకోకుండా తాగే నీళ్లు పట్టుకెళ్లండి, ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చుకోండి. తాబేళ్ల కంచెల దగ్గర లైట్లు వెయ్యొద్దు. సంగమంలో ఈత మాత్రం వద్దు. ఇంకో రోజుంటే నాగాయలంక వెళ్లి నదిలో పడవెక్కండి. పక్షులిష్టమైతే గుడివాడ నుంచి అటు కైకలూరు వైపు, కొల్లేట్లో ఆటపాక ఉంది, గూడబాతుల గుంపులు చూడొచ్చు.

ఇవన్నీ మ్యాప్‌లో దొరుకుతాయి. దొరకనివి మీ బండి నడిపే మనిషిని అడగండి. ఆ మనిషి మీ నాన్నే అయితే ఇంకా ముందే అడగండి.

హైదరాబాద్ వచ్చిన మూడోరోజు నాన్న ఫోన్ చేశాడు. “మీ ఫ్రెండ్ మళ్లీ ఎప్పుడొస్తదంటా?” అన్నాడు. నవంబరులో వస్తామని చెప్పాను. ఏ తారీఖని అడగలేదు, నేనూ చెప్పలేదు. క్యాలెండర్ చూసుకున్నాను. ఈసారి పంతొమ్మిది శని, ఆదివారాల్లో పడలేదు. సెలవు పెడతాను. కిరాయి కూడా నేనే ఇస్తాను.